కడవరుసలో పరుగిడువారు

శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు దేశమును నిలువునా దాటిపోవు 44వ సంఖ్య జాతీయ రహదారి హైదరాబాదును, కర్నూలును, అనంతపురమును ఒరసికొని, బెంగుళూరు, హోసూరు, కృష్ణగిరుల మీదుగా ధర్మపురి జిల్లాలో ప్రవేశించును. పూర్వము తగడూరని పేరొందిన ఈ సీమలో, పెరియంపట్టి మొదలగు పల్లెలు గల ఈ మెట్ట భూములలో, ఇంట తెలుగును వీథిలో తమిళమును మాటలాడు కుటుంబములు తరతరములుగా వసించుచున్నవి. ఇచటి యువకులకు పరుగు క్రొత్తవిద్య కాదు. తమిళనాడు పోలీసు కానిస్టేబులు ఉద్యోగము కోరు పురుషుడు 1500 మీటర్ల దూరమును 7 నిమిషములలో ముగింపవలసియుండును గనుక, తెల్లవారకమున్నే లేచి రోడ్డు వెంబడి సాధన చేయుట వారికి అలవాటే. కాని ఆ పరుగు వడపోతకొరకు ఏర్పడినది. గడువు దాటినవాడు ఆ క్షణముననే పరిత్యక్తుడగును. దీనికి భిన్నముగా, గడచిన అర్ధశతాబ్దిలో ప్రపంచ నగరములన్నిట వ్యాపించిన మహాజన పరుగుపందెములందు, మొదటివాడు గమ్యము చేరిన పిమ్మట మూడు నాలుగు గంటలకు వచ్చువాడును పందెగాడే. వానికిని అదే పతకము, అవే చప్పట్లు.

ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఆ వెనుకవారి శరీరశాస్త్రము. క్రీడలనుగూర్చిన గ్రంథములు సామాన్యముగా విజేతల గుండెలను, విజేతల ఊపిరితిత్తులను వర్ణించి విరమించును. అయితే, అదే దూరమునకు రెట్టింపు కాలమో, అంతకు మించియో ఎండలో నిలువవలసిన గుమాస్తాకును, ఉపాధ్యాయినికిని, ఉద్యోగవిరమణ చేసిన పెద్దకును ఆ శాస్త్రము విజేతకంటె నెక్కుడు అవసరమని నా దృఢవిశ్వాసము.

ఇట్టి పందెముల చరిత్ర చిన్నది. 1896లో ఏథెన్సు నగరమున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్సులో స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు యువకుడు గెలిచిన మారథాన్ దూరము ఇంచుమించు 40 కిలోమీటర్లు మాత్రమే. నేడు మన మెరిగిన 42.195 కిలోమీటర్ల దూరము 1908 నాటి లండన్ పందెమున తొలిసారి కనబడి, 1921లో శాశ్వత ప్రమాణమైనది. 1897లో బోస్టన్ నగరమున బయలుదేరినవారు 15 మంది. 1970లో న్యూయార్కు పందెము మొదలైనప్పుడు 127 మంది బయలుదేరగా, తుదకు చేరినవారు 55 మందే. నేడు అచ్చటనే ఏటేట అర్ధలక్షమంది గమ్యరేఖను దాటుచున్నారు. ఈ విప్లవమునకు మూలపురుషులుగా న్యూజీలాండు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డును, 1968లో ‘ఏరోబిక్స్’ గ్రంథమును ప్రకటించిన వైద్యుడు కెన్నెత్ కూపరును చెప్పుదురు. హృద్రోగము సోకకుండుటకు మెల్లని దీర్ఘపు పరుగు మేలు చేయునని వీరు మధ్యవయస్కులకు బోధించిరి. స్త్రీలకు మాత్రము ఆ ద్వారము అంత సులభముగా తెరచుకొనలేదు. 1966లో బాబీ గిబ్ అను యువతి బోస్టన్ పందెపు ఆరంభస్థలము చెంత పొదలచాటున వేచియుండి, పురుషుల నడుమ కలిసి పరుగిడవలసి వచ్చెను. ఒలింపిక్సులో స్త్రీల మారథాన్ 1984వరకు లేనే లేదు. స్త్రీ శరీరము అంత దూరమునకు తాళజాలదని వైద్యులే ఆనాడు వాదించియుండిరి. ఆ వాదమునకు పరీక్షాధారము ఒక్కటియు లేకుండెను.

మన దేశమున 2004లో ముంబయి మారథాన్, 2008లో బెంగుళూరు పది కిలోమీటర్ల పరుగు ఆరంభమైనవి. పెరియంపట్టివారికి అన్నిటికంటె చేరువైనది ఈ రెండవదే. తెలుగునాట 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ అను సంఘము పెంచి పోషించిన మారథాన్, ఆగస్టు మాసాంతమున, హుస్సేన్‌సాగరపు గట్టున నెక్లెస్‌రోడ్డు మీది పీపుల్స్ ప్లాజా వద్ద చీకటితోనే ఆరంభమై, ఫ్లైఓవర్ల మీదుగాను, జూబిలీహిల్స్ ఎత్తుపల్లముల మీదుగాను సాగి, గచ్చిబౌలి స్టేడియమున ముగియును. దక్కను శిలాభూమి స్వభావమే ఎత్తుపల్లము గనుక, చదునైన నగరములలో సాధన చేసినవారు ఇచట తమ వేగము తగ్గుటను చూచి కలత చెందుదురు. ఈ సందర్భముననే ఒక మాట: 1978లో జలంధరున శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషములలో ముగించిన మారథాన్ జాతీయ రికార్డుగా నాలుగు దశాబ్దములకు పైగా చెక్కుచెదరక నిలిచినది. అంతలో పరుగిడు సామాన్యుల సంఖ్య వందలనుండి లక్షలకు పెరిగినది. కొందరు ఈ రెంటిని పక్కపక్కన నిలిపి, ఇంతమంది పరుగిడి దేశమునకు ఒరిగిన దేమని ప్రశ్నింతురు. దేశములోని గుండెలన్నిటిని ఒక్క గడియారముతో కొలుచు ఆ ప్రశ్న నాకు సమ్మతము కాదు.

ఇక పందెము ఆరంభమగు క్షణమునకు వత్తము. తుపాకి ప్రేలగానే కడవరుసవాడు కదలడు, కదలలేడు. ముందువాడు అడుగు వేసినగాని వెనుకవానికి చోటుండదు గదా. నికొలా బెయిన్, డెనీ బార్తొలో అను ఇద్దరు ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞులు చికాగో మారథాన్ ఆరంభప్రాంగణములందలి జనసమూహములను ఎత్తైన స్థలమునుండి చిత్రీకరించి, ఆ జనమును ఒక ప్రవాహద్రవ్యముగా భావించి గణితము చేసిరి. వారి ఫలితములు 2019లో ‘సైన్స్’ పత్రికలో వెలువడినవి. అచట నిర్వాహకులు చేయి చేయి పట్టి నిలిచి, జనమును అంచెలంచెలుగా ఆరంభరేఖ చెంతకు నడిపించుచు ఆపుచు నుందురు. ముందు వరుస కదలినప్పుడు పుట్టిన చలనతరంగము జనమునకు ఎదురుగా వెనుకకు ప్రయాణించును. దాని వేగము సెకనుకు ఒక మీటరుకు కొంచెము పైగా ఉండునని, అదియు సమూహమునుబట్టి, నగరమునుబట్టి పెద్దగా మారదని తేలినది. ముందుకో వెనుకకో కలుగు వేగభేదము ఈ రీతిగా జనమంతట ప్రాకును గాని, ప్రక్కకు తిరుగుటవలన కలుగు దిశాభేదము కొద్ది దూరములోనే అణగిపోవునట! నాయకుడు లేకయే, ఎవరును ఎవరితోను మాటాడకయే, వేలమంది అపరిచితులు ఒక నియమమునకు లోబడి చలించుట నాకు నక్షత్రగతివలె విస్మయకరమైన సంగతి. మూడువందల మీటర్ల పొడవున జనము నిలిచినచో ఆ తరంగము తుదివానిని చేరునప్పటికి నాలుగు నిమిషములు దాటును. ఆపైన వాడు ఆరంభరేఖవరకు ఆ మూడువందల మీటర్లును నడువవలెను. ఈ సంగతి తెలియనివాడు వెనుకనుండి త్రోసికొని పోజూచును. త్రోపిడి తరంగవేగమును పెంచదు. ముందువాని వీపునకు దెబ్బ మాత్రము తగులును.

అట్లయిన వెనుకవాని కాలము వ్యర్థమైనదా? కాలేదు. వాని అంకెపట్టీ వెనుక అతికించిన చిన్న చిప్పులో బ్యాటరీ లేదు. రేఖవద్ద పరచిన చాపలోనో, ప్రక్కన నిలిపిన స్తంభములోనో గల యాంటెన్నా రేడియో తరంగములను వెదజల్లగా, ఆ తరంగశక్తితోనే చిప్పు ఒక్క క్షణము మేల్కొని తన సంఖ్యను తిరిగి చెప్పును. కావున ప్రతివానికిని స్వంత ఆరంభకాలము, స్వంత ముగింపుకాలము లభించుచున్నవి. దూరమును కొలుచుటలోను ఇంతటి నిక్కచ్చి కలదు. 1970 దశకారంభమున అమెరికాలో ఆలన్ జోన్స్ కల్పించిన చిన్న గణకయంత్రమును సైకిలు ముందుచక్రమున అమర్చి, మలుపులందు గట్టునకు 30 సెంటీమీటర్ల యెడముగా, సాధ్యమైనంత దగ్గరి దారిన త్రొక్కుచు మార్గమును కొలుతురు. పొరబాటున తక్కువ కాకుండుటకై కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున, అనగా మొత్తముమీద 42 మీటర్లు అదనముగా చేర్తురు. గుంపులో అటునిటు తప్పుకొనుచు, మలుపులలో వెలుపలి అంచున పరుగిడు వెనుకవాడు దీనికంటెను మరికొంత ఎక్కువ దూరమే పోవును. తన చేతిగడియారము 42 కిలోమీటర్లకు పైన చూపినదని నిర్వాహకులను నిందింపవలసిన పని లేదు.

ఇప్పుడు ఇంధనవిచారము. ఈ విషయమున ప్రకృతి చూపిన సమత్వము గమనింపదగినది. చదునైన దారిని పరుగిడునప్పుడు కిలోమీటరుకు, శరీరపు కిలో బరువుకు, ఇంచుమించు ఒక కిలోకేలరీ ఖర్చగును. వేగము హెచ్చినను తగ్గినను ఈ లెక్క పెద్దగా మారదు. అరువది కిలోల మనుష్యుడు రెండున్నర గంటలలో ముగించినను, ఐదు గంటలలో ముగించినను, మారథానుకు వ్యయమగునది సుమారు 2,500 కిలోకేలరీలు. ధర్మపురి రైతు ఎరిగిన కొలతలో, ముప్పాతిక కిలో రాగిపిండిలో నున్నంత శక్తి. శరీరమున ఈ శక్తి రెండుచోట్ల నిలువయుండును. కండరములందును కాలేయమునందును గ్లైకోజెన్ రూపమున నుండు పిండిపదార్థము ఇంటిలోని గాదె వంటిది. అడిగిన తక్షణమే చేతికి వచ్చును, కాని మొత్తము అర్ధకిలోకు మించదు, దాని విలువ సుమారు 2,000 కిలోకేలరీలు. క్రొవ్వు మాత్రము భూమిలోని పాతర. బక్కవానికిని పదుల వేల కిలోకేలరీలు అందు దాగియుండును, అయితే దానిని త్రవ్వి తీయుట నిదానమైన పని, ఆమ్లజని కూడ ఎక్కువ కావలెను. తొందరపడి మొదటి పది కిలోమీటర్లు శక్తికి మించిన వేగమున పోయినవాడు గాదెను ముందే ఊడ్చివేయును. అప్పుడు ముప్పది కిలోమీటర్ల ప్రాంతమున కాళ్లు సీసమై, బుద్ధి మందమై, కూడికలుకూడ తప్పిపోవు దశ ఏర్పడును. రక్తమున చక్కెర తగ్గినప్పుడు మెదడు ముందుగా అలసిపోవును గనుక అది ధైర్యహీనత కాదు, కేవలము రసాయనస్థితి.

ఈ గాదె రహస్యమును బయటపెట్టినవారు స్వీడను దేశీయులు. 1960 దశకమున యోనాస్ బెర్గ్‌స్త్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అను వైద్యులు కండరమునుండి చిన్న తునకను తీయగల సూదితో పరీక్షలు చేయుచు, తమ శరీరములనే ప్రయోగశాలలుగా మార్చుకొనిరి. ఒకే వ్యాయామపు సైకిలుకు ఇరుప్రక్కల కూర్చుండి, ఒకడు ఒక కాలితో, రెండవవాడు ఒక కాలితో, ఓపిక తీరువరకు త్రొక్కిరి. తక్కిన కాలికి విశ్రాంతి నిచ్చిరి. పిమ్మట మూడుదినములు పిండిపదార్థములు సమృద్ధిగా భుజించి చూడగా, శ్రమించిన కాలియందు గ్లైకోజెన్ విశ్రమించిన కాలికంటె సుమారు రెట్టింపు చేరినది. రక్తము ఒకటే, భోజనము ఒకటే; భేదమంతయు శ్రమవలన కలిగినదే. ఇట్టి స్వచ్ఛమైన ప్రయోగము శాస్త్రచరిత్రలో అరుదు. పందెమునకు ముందు రెండు మూడు దినములు అన్నమో, రాగిసంకటియో కొంచెము హెచ్చుగా తిని, పరుగును తగ్గింపుమని నేటి శిక్షకులు చెప్పు మాటకు మూలమిదియే. శిక్షణవలన రెండవ లాభము కూడ కలదు. 1967లో జాన్ హాలొజీ ఎలుకలను వారముల తరబడి పరుగెత్తించి, వాని కండరములందు శక్త్యుత్పాదకములైన మైటోకాండ్రియాల సామర్థ్యము ఇంచుమించు రెట్టింపగుటను చూపెను. అట్టి కండరము క్రొవ్వును సులువుగా వినియోగించుకొని గాదెను పొదుపు చేయును. మెల్లగా, మాటాడుచు పరుగిడగల వేగమున నెలల తరబడి సాధన చేయుమనుట ఇందుకే.

ఇంధనముకంటె కఠినమైన సమస్య ఉష్ణము. కండరము తాను ఖర్చు పెట్టు శక్తిలో నాలుగవవంతునకు మించి పనిగా మార్చలేదు, తక్కినదంతయు వేడి. గంటకు 10 కిలోమీటర్ల వేగమున పోవు అరువది కిలోల మనుష్యునిలో గంటకు 450 కిలోకేలరీలకు తక్కువ కాని వేడి పుట్టును. ఆ శరీరపు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరుగుటకు 50 కిలోకేలరీలు చాలును. వేడి బయటకు పోనిచో అరగంటలోపుననే ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరి ప్రాణాపాయ మేర్పడునని లెక్క చెప్పుచున్నది. మనలను కాపాడునది చెమట. ఒక లీటరు చెమట ఆవిరియైనచో 580 కిలోకేలరీల వేడిని తనతో తీసికొనిపోవును. అయితే ‘ఆవిరియైనచో’ అను నియమము గట్టిది. విశాఖ బీచిరోడ్డుమీదను, చెన్నపట్టణపు తీరముమీదను, ఆగస్టు వానకారు తడిలో హైదరాబాదుమీదను గాలి అదివరకే తేమతో నిండియుండుటచే చెమట ఆవిరికాక బొట్లుబొట్లుగా నేలపాలగును. అట్లు జారిన చెమట శరీరమును చల్లార్చదు, నీటిని మాత్రము తగ్గించును.

ఇచటనే ముందువానికిని వెనుకవానికిని భేదము తీవ్రమగుచున్నది. ముందువానికి గంటకు పుట్టు వేడి ఎక్కువయైనను, వాడు సూర్యుడు పైకెక్కకముందే ఇల్లు చేరును. వెనుకవాడు ఐదారు గంటలు దారిలోనే యుండి, తారురోడ్డు వెడలగ్రక్కు వేడిని పాదములతోను, నెత్తిమీది ఎండను తలతోను భరించుచు, నీళ్లబల్లలు ఎత్తివేయు సమయమునకు అచటికి చేరుచున్నాడు. మంచుగడ్డలను, నీటిని తుదివానికొరకు నిలువయుంచని నిర్వాహకులు శాస్త్రమును తలక్రిందులు చేసినవారే. శరీరము వేడికి అలవాటు పడగలదు. పది పదునాలుగు దినములు ఎండలో శ్రమించినచో రక్తములోని ద్రవభాగము పెరిగి, చెమట ముందుగా పట్టి, అందలి ఉప్పు తగ్గును. చేలలో పనిచేయు పెరియంపట్టి కూలికి ఈ సిద్ధి పుట్టుకతో వచ్చినట్లే యుండును. శీతలీకృతమైన కార్యాలయములో కాలము గడపు ఇంజినీరు దానిని యత్నపూర్వకముగా సంపాదించుకొనవలెను. మాటలు తడబడుచు, దారి తప్పి తూలుచు నున్న పందెగానిని చూచినచో ఆస్పత్రికి తరలించుటకు ముందే మంచునీటి తొట్టిలో ముంచవలెను; వడదెబ్బలో ప్రతి నిమిషమును విలువైనదే.

నీటినిగూర్చి ప్రజలలో నొక అపోహ కలదు: ఎంత త్రాగిన అంత మంచిదని. 2002 బోస్టన్ మారథానులో 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో సోడియము ప్రమాణమునకు తగ్గియుండెను. వారిలో అనేకులు పరుగు ముగియునప్పటికి బరువు పెరిగినవారు, నాలుగు గంటలకు పైగా పట్టినవారు. దీర్ఘశ్రమలో శరీరము నీటిని బిగబట్టుకొను హార్మోనును విడుదల చేయును, మూత్రము తగ్గును, అట్టి స్థితిలో ప్రతి బల్లవద్దను ఆగి గటగట త్రాగు నిదానస్థుని రక్తము పలుచనై, మెదడు ఉబ్బి, మూర్ఛకు దారితీయవచ్చును. ఉప్పు వేసిన మజ్జిగ మంచిదే కాని, మితిమీరిన నీటికి అది విరుగుడు కాదు. దప్పియైనంత త్రాగుట, దప్పి తీరినంతట నిలుపుట: సామాన్యునికి ఇంతకంటె మంచి కొలబద్ద లేదు.

హృదయభయము గలవారికి ధైర్యము చెప్పగల లెక్క ఒకటి కలదు. 2000 మొదలు 2010వరకు అమెరికాలో మారథాన్, అర్ధమారథాన్ పరుగిడిన 1 కోటి 9 లక్షలమందిలో గుండె ఆగిపోయినవారు 59 మంది. అనగా 1,84,000 మందికి ఒక్కడు. వారిలో 42 మంది మరణించిరి. బ్రతికినవారి విషయమున ప్రధానముగా తోడ్పడినది, ప్రక్కనున్నవారు తక్షణమే ఛాతీని నొక్కి ప్రాణము నిలిపియుండుట. ఈ విద్య నేర్చినవారు దారిపొడవున, విశేషించి తుది కిలోమీటర్లలో, నిలిచియుండవలెను. నలువది దాటిన పురుషులు, మధుమేహము, రక్తపుపోటు గలవారు ముందుగా వైద్యుని సంప్రదించి గాని పేరు నమోదు చేసికొనరాదు.

గుండె, కండరములు వారములలో బలపడును. ఎముకలకును నరములవంటి స్నాయుబంధములకును నెలలు పట్టును. ఉత్సాహవంతుడగు క్రొత్తవాడు మూడవ నెలలో మోకాటి క్రింది ఎముక నొప్పితో కూలబడుట ఈ భేదమువలననే. ఎముకల ప్రస్తావనలో ధర్మపురి సీమకు ప్రత్యేకమైన దుఃఖ మొకటి కలదు: నల్లగొండవలెనే ఇచటి భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. ఆ నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు మచ్చలుపడి, వెన్నును కీళ్లును బిగుసుకొనిపోవును. హొగెనకల్ వద్ద కావేరీజలమును గ్రహించి పల్లెలకు పంపు పథకము జపాను ఋణసహాయముతో నిర్మితమైనది. ఆ నీరు చేరిన ఇంటి పిల్లవానికి మాత్రమే పరుగు ఒక వినోదము కాగలదు. ఆరోగ్యమునకు పరుగిడుమని ఉపదేశించువారు ముందుగా ఆ పిల్లవాడు త్రాగు నీటినిగూర్చి విచారింపవలెను.

2011లో టొరంటోలో, నూరేండ్లవాడనని చెప్పుకొన్న ఫౌజాసింగు 8 గంటల 11 నిమిషములలో మారథాన్ ముగించెను. జన్మపత్రము లేనందున ఆ వయస్సు రికార్డులకెక్కలేదు. ఎనిమిది గంటలపాటు నిలిచియున్న ఆ పాదములను పరిశీలించినచో, అవి వేసిన అడుగుల సంఖ్య విజేత అడుగులకంటె ఎంతో ఎక్కువ. అడుగు చిన్నదైనకొలది లెక్క పెరుగును గదా.

గమ్యరేఖ దాటగానే హఠాత్తుగా నిలువరాదు. పరుగిడునంతసేపు పిక్కల కండరములు రక్తమును పైకి త్రోయుచుండును. అవి ఆగగానే రక్తము కాళ్లలో నిలిచి, తల తిరిగి, మనుష్యుడు కూలును. రేఖ దాటిన పిమ్మట పడినవానిని పరుండబెట్టి కాళ్లు ఎత్తి పట్టినచో సామాన్యముగా కొద్ది నిమిషములలో తేరుకొనును; రేఖకు ముందే పడినవాని విషయము వేరు, వానికి ఉష్ణమో, సోడియమో, గుండెయో కారణమైయుండునని శంకించి వెంటనే పరీక్షింపవలెను. మరునాడు మెట్లు దిగుట ఎక్కుటకంటె కష్టమగును. దిగునప్పుడు తొడ కండరము సాగుచునే బరువు మోయవలసియుండుటచే, అందలి సూక్ష్మతంతువులు చిరుగును. లాక్టికామ్లము నిలువయుండుటవలన ఈ నొప్పి కలుగునను మాట సత్యము కాదు, అది రక్తమునుండి గంట రెండు గంటలలోనే తొలగిపోవును. చిరిగిన తంతువులు వారము రెండు వారములలో తిరిగి కట్టుకొనును. అట్లు కట్టుకొన్న కండరము, కొన్ని వారములకు అదే ఫ్లైఓవరును మరల దిగునప్పుడు, మొదటిసారికంటె చాల తక్కువగా చిరుగును.